శుక్రవారం మెట్లు

“కాలవ నీళ్ళకీ కబురెట్టినానే,
మాయమ్మ రేవుకీ సేరిందొ లేదొ...”

ఆ తరవాత ఇంకొకటుందండి. నోటిదాకా వస్తుంది, మళ్ళీ జారిపోతుంది. మా చిన్నప్పుడు ఊడుపుల్లో పాడేవాళ్ళం. గట్టు పక్కనున్న పెద్దావిడ ఎత్తుకుంటే ఈ చివర పిల్లలం అందుకోవాలి. నేనేమో అందరూ పాడుతుంటే ఉత్తినే పెదాలు కదిపేదాన్ని. అందుకే సగమే వచ్చింది, ఆ దొంగతనం ఇప్పుడు బయటపడింది చూడండి. అచ్చాయమ్మకైతే మొత్తం వచ్చును. మీరు అచ్చాయమ్మ గురించి చెప్పమంటే నేను పాట ఎత్తుకున్నానా? ఆయ్, రెండూ ఒకటేనండి, పాట లేకుండా అచ్చాయమ్మ లేదు. ఉండండి, ఆ ఏసీ కాస్త తగ్గించి వస్తాను. ఫోను అక్కడే ఉంచండి, దాంట్లో పడుతుందా నా మాట? పడనివ్వండి. టీ పెట్టనా? వద్దా? సరే, అయితే ఈ బల్లలన్నా సర్దుతాను, నా చేతులకి ఏదో ఒక పనుంటేనే నోరు కదులుతుంది. కూచోమంటారా? కూచుంటానండి. ఇదిగో.

ఆ గోడకి ఆనించిన బోర్డు మీద గుడ్డ తీసి చూశానండి, మీరు మెట్లెక్కి పైకొస్తున్నప్పుడు. చెయ్యి ఊరుకోలేదు. కూడబలుక్కుని చదివేను. ‘అచ్చాయమ్మ అక్షరశాల. మా తొలి విద్యార్థిని, ఇక్కడే చదవడం నేర్చుకున్నారు.’ కింద మీ ముత్తవ్వగారి పేరు, ‘నరసాంబ కుటుంబ ఫౌండేషన్’ అని. బంగారం రంగు అక్షరాలు. బాగుందండి, చాలా బాగుంది. రేపే బిగిస్తారా? రేపు ఆదివారం కదా, అందరూ వస్తారు. మీ తాతగారు దక్షిణామూర్తిగారు కూడా వస్తారేమో. మీరేమో మీ ఫౌండేషన్ పుస్తకంలో వేయడానికి ‘మంగమ్మా, అచ్చాయమ్మ నీతో చివరగా ఏమంది’ అని అడిగేరు. చెప్తానండి. చెప్పకుండా ఎక్కడికి పోతాను. కాపోతే అది ఊరికే చెబితే అర్థం కాదు, మొదట్నుంచీ రావాలి.

మీరప్పుడు చదువుకి లండన్లో ఉన్నారు, మీకు తెలీదు. కరోనా వచ్చిన ఏడాది. నేను పనిచేసే తెలుగువాళ్ళు ఊరికి వెళ్ళి అక్కడే చిక్కడిపోయేరు. నన్ను ఇక్కడే బర్ దుబాయ్‌లో మా ఊరోళ్ళ రూములో ఉండమన్నారు. తొమ్మిది మంది ఆడాళ్ళం ఒక గదిలో, మంచం మీద మంచం. పై మంచం మీద అచ్చాయమ్మ. దాని యజమానులు ఉద్యోగం పోయి సామాను సర్దుకుని వెళ్ళిపోయేరు, ఇది మిగిలిపోయింది. పొద్దున్నే పై నుంచి కాళ్ళు వేలాడేసి ఈ పాట ఎత్తుకునేది. నేను కింద పడుకుని, ఇదేంటి, మా కాలవగట్టు పాట దీనికెలా వచ్చిందీ అని. “ఏ ఊరే నీది?” అన్నాను. చెప్పింది. ఏటికి ఆ ఒడ్డున వాళ్ళు, ఈ ఒడ్డున మేం. యాభై ఏళ్ళు ఎదురెదురుగా ఉండి, ఇక్కడికొచ్చి ఒక ఇనప మంచానికి కిందా పైనా అయ్యేం. అదీ వింతే. అప్పట్నుంచి నన్ను అక్కా అనేది. నాకంటే నాలుగేళ్ళే చిన్నది, అయినా అక్కే.

అప్పుడు మీ ఇంటినుంచి బియ్యం వచ్చేవండి. ప్రతి పది రోజులకీ ఒక సంచి. బియ్యం, కందిపప్పు, నూనె, సబ్బు. మొదటిసారి వచ్చిన సంచిలో గోధుమపిండీ, ఆ గొట్టాల్లాంటివి ఉంటాయే, పిల్లలు తింటారు, అవీ ఉన్నాయి. మా వాళ్ళు వాటిని చింతపండు పులుసులో వేసి తిన్నారు, నవ్వకండి, బాగానే ఉన్నాయి. రెండోసారికి మీ నానమ్మగారు, సుభద్రమ్మగారు, సొంతంగా ఆవకాయ సీసాలు పెట్టించేరు. ఆ సీసా మూత తీసిన రోజు గదిలో ఒక్కళ్ళూ కూర వండలేదు. సరే, సంచులు తెచ్చింది మీ తమ్ముడు అనీష్ బాబు. మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు. సంచి ముట్టినట్టు సంతకం పెట్టాలి. మాకెవరికీ సంతకం రాదు. వేలిముద్ర వేద్దామంటే, అందరూ ఒకే సిరాలో వేలు ముంచితే రోగం అంటుకుంటుందని అది వద్దన్నారు. పాపం ఆ అబ్బాయికి ఏం చెయ్యాలో తోచలేదు. స్టూలు మీద కాగితం పెట్టి, మనిషికో పెన్సిలు ముక్క ఇచ్చి, అంత దూరాన నిలబడి, “ఆంటీ, ప్లీజ్, పేరు ఎదురుగా ఏదో ఒకటి గీసెయ్యండి, ఎవరి గుర్తు వాళ్ళకి” అన్నాడు.

ఎవరికి తోచింది వాళ్ళు గీశారండి. నేను నాలుగు చుక్కల ముగ్గు వేశాను. ఒకావిడ సిలువ వేసింది, ఒకావిడ బొట్టుబిళ్ళలాగ ఉత్త గుండ్రం చుట్టింది. అచ్చాయమ్మ వంతు వచ్చింది, చేప గీయడం మొదలెట్టింది. తోక వేసింది, కన్ను వేసింది, రెక్కలు వేసింది. ఇంక లేవదు. వెనకాల అందరూ గోల. అనీష్ బాబు “ఆంటీ, సింపుల్‌గా చాలు” అంటాడు. ఇది తలెత్తకుండా, “ఉండు బాబూ, పొలుసులెయ్యకపోతే ఏ సేపో ఎలా తెలుస్తాది? రేపు ఇంకొకత్తి ఉత్త సేప గీసి నా బియ్యం అట్టుకుపోద్ది” అంది. పాతిక పొలుసులు వేసింది. లెక్కబెట్టేను నేను.

ఆ కాగితం మీ నానమ్మగారి చేతికి వెళ్ళింది. ఆవిడ మర్నాడే ఫోను చేసేరు. “మంగా, ఆ చేప ఎవరిది?” మొదటిమాట అదే. “అచ్చాయమ్మదండి.” “అన్ని పొలుసులు అంత ఒద్దికగా వేసిన చేతికి అ ఆలు రావా?” అన్నారు. అదండీ, ఈ గది అలా వచ్చింది. మీ ఫౌండేషన్ ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు కట్టించింది, కుట్టుమిషన్లు ఇచ్చింది, ఇక్కడ పోయినవాళ్ళని ఇంటికి చేరుస్తుంది, అన్నీ పెద్ద పనులే. ఈ గది మాత్రం ఒక చేపలోంచి పుట్టింది. అది పుస్తకంలో వేయండి, బాగుంటుంది. వేస్తారా? మంచిది.

ఏంటా చప్పుడు? తలుపా? కాదులెండి, కింద బట్టల కొట్టువాళ్ళు షట్టరు ఎత్తుతున్నారు. నాకీమధ్య ఏ చప్పుడైనా తలుపేమో అనిపిస్తుంది.

రెండో ఏడు కాస్త గాలి ఆడేక తరగతి మొదలైంది. శుక్రవారం శుక్రవారం, రెండింటినుంచి నాలుగింటిదాకా. అప్పుడు అందరికీ శుక్రవారమే సెలవు కదండీ, ఆఫీసులకీ, బళ్ళకీ, మాకూ. మీ నానమ్మగారు చెప్పేవారు, ఆవిడతోపాటు ఆఫీసుల్లో పనిచేసే తెలుగమ్మాయిలు ముగ్గురు. నేను పనిచేసే మా వాళ్ళు అప్పటికి తిరిగొచ్చేరు, నేను మళ్ళీ వాళ్ళింట్లోనే. అచ్చాయమ్మకి రషీదియాలో ఒక అరబ్బు ముసలావిడ ఇంట్లో పని దొరికింది. మంచి మనిషే ఆవిడ, అచ్చాయమ్మ చేసిన చేపల పులుసు తినేదట. శుక్రవారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ కార్లెక్కి ఖోర్ ఫక్కాన్లో పెద్ద కూతురింటికి వెళ్ళిపోయేవారు, పొద్దుగూకి మగ్రిబ్ నమాజు దాటేక రావడం. కారెక్కుతూ ముసలావిడ, “అచ్చా, ఖలాస్ కామ్! యల్లా, రో మద్రసా!” అనేదట. పనైపోయింది, ఇంక బడికి నడు అని. దాని పేరు మొత్తం ఆవిడ నోటికి తిరిగేది కాదు. అరవయ్యో ఏడు దగ్గర పడ్డాక ఎవరన్నా బడికి పో అని తరిమితే ఎలా ఉంటుందో మీకు తెలీదు తల్లీ. ఇద్దరం మెట్రో దిగి ఈ సందులోకొచ్చేసరికి ఒకటిన్నర కూడా అయ్యేది కాదు, ఆ మెట్ల మీద కూచుని ఎదురుచూసేవాళ్ళం.

దానికి తొందరగా వచ్చేది కాదండి చదువు. నాకంటే వెనకే. ప్రతి అక్షరాన్నీ బొమ్మలాగ చూసేది. ‘ఠ’ చూపిస్తే, “ఇది పగలగొట్టిన కోడిగుడ్డక్కా, మజ్జెలో సొన” అనేది. మీ నానమ్మగారు నవ్వాపుకోలేక పక్కకి తిరిగేవారు. “ఎందుకు అచ్చాయమ్మా నీకు చదువు, ఏం రాస్తావు?” అని ఓసారి అడిగేరు. అందరం ఏదో చెప్పేం, పేరు రాసుకుంటామనో, బస్సు బోర్డు చూసుకుంటామనో. ఇది, “పాట రాయాలండి. మా ఊళ్ళో ఇప్పుడు ఊడుపులకి మిషనొచ్చింది, ఎవరూ పాడట్లేదు. మా కోడలికి ఫోన్లో పాటలే. నా నోట్లోంచి పోతే ఇంక లేదది” అంది. అదొక్కటే దాని కోరిక. మూడు వరసల పాట. ఒక పుస్తకం కొనుక్కుంది, ఎర్ర అట్టది, మొదటి పేజీ పాటకని ఖాళీగా ఉంచుకుంది.

నీళ్ళు తాగొస్తానండి. మీరు తాగుతారా? సరే.

తరవాత సెలవు మారింది. మీకు గుర్తుండే ఉంటుంది, కొత్త సంవత్సరంనుంచి దేశం మొత్తానికీ శనాదివారాలు సెలవన్నారు, శుక్రవారం గవర్నమెంటుకి సగంరోజు పని, మామూలు కంపెనీలకి రోజంతా. ఆఫీసు అమ్మాయిలకి ఇంక శుక్రవారం మధ్యాన్నం కుదరదు. తరగతి ఆదివారానికి మారుద్దామని మీ ఇంట్లో అనుకున్నారు. కానీ మీ నానమ్మగారు అడగకుండా ఏదీ చేసే మనిషి కాదు. నన్ను ఇంటికి పిలిపించేరు. నేను వంటింటి గుమ్మం వైపు వెళ్ళబోతే, “అటెక్కడికి మంగా, ఇలా రా” అని ముందుగదిలో ఆ తెల్ల సోఫాలో కూచోబెట్టేరు. పనిచేసే చోట సోఫా తుడవడమే గానీ కూచోవడం అదే మొదటిసారండి. నడుం ఆనించాలో వద్దో తెలీలేదు. గాజు కప్పులో కాఫీ, కప్పు కింద సాసరు. ఆ సాసరుని రెండు చేతులతో పట్టుకున్నాను. పడిపోతుందేమోనని దాన్నే చూస్తున్నాను. అనీష్ బాబు ల్యాప్‌టాప్ పెట్టుకుని కూచున్నాడు. సుభద్రమ్మగారు, “మంగా, అందరి తరఫునా నువ్వే చెప్పాలి. ఆదివారం పెడితే ఎవరికన్నా ఇబ్బంది ఉంటుందా? మొహమాట పడకు” అన్నారు. అనీష్ బాబు, “సండే ఎవ్రీబడీకి ఓకేనా ఆంటీ?” అన్నాడు.

నాకు తెలుసండి. ఆ క్షణాన్నే తెలుసు. అచ్చాయమ్మకి ఆదివారం కుదరదు. ఇప్పుడు పిల్లల బళ్ళకి ఆదివారం సెలవు గనక, ముసలావిడ మనవలూ మునిమనవలూ ఆదివారమే అక్కడికొచ్చి పడతారు, ఇరవై మందికి వంట. శుక్రవారం ఖోర్ ఫక్కాన్ ప్రయాణం మాత్రం మారదు, అది వాళ్ళకి నమాజుతోపాటే. ‘అచ్చాయమ్మకి కుదరదండి’ అన్న మాట ఇదిగో, ఇక్కడిదాకా వచ్చింది, ఈ పాటలో మూడో వరసలాగ. ఆవిడ బిస్కట్ల పళ్ళెం నా వైపు జరిపేరు. అంత గౌరవంగా అడుగుతున్నారు, ఏం కాదంటాం? “ఆయ్, అందరికీ బాగుంటుందండి” అన్నాను. అనీష్ బాబు టిక్కు కొట్టేడు. కాఫీ మొత్తం తాగేను.

అమ్మాయిగారూ, మీరు అలా చూడకండి. మొహమాటమే అనుకున్నాను నేనూ, చాన్నాళ్ళు. మొహమాటమేనా? మా వాళ్ళు ఆఫీసు వాళ్ళు గదా, నాకు ఆదివారమే సెలవు ఇస్తామన్నారప్పటికే. నాకు కుదిరింది. నాకు కుదరకపోయుంటే నోరు లేచేదేమో అని ఈమధ్య అనిపిస్తుంది. కూచోలేకపోతున్నాను, కాస్త అటూ ఇటూ నడుస్తూ చెప్తాను, ఏం అనుకోకండి.

మార్చిన సంగతి అందరికీ ఎలా చెప్పేరనుకున్నారు? అనీష్ బాబు వాట్సప్ గ్రూపులో పెట్టేడు. చక్కగా తెలుగులో రాసి, పువ్వులూ దణ్ణాలూ పెట్టి. ఇంకో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆ తలుపుకి అంటించేడు. చదువు రాదనే కదండీ ఇక్కడికొస్తున్నాం? మా అందరికీ చదువుకోండని చీటీ పంపేడు. తిట్టట్లేదండి, బంగారంలాంటి పిల్లాడు. ఎవరికీ తోచలేదు. మీ నానమ్మగారికీ తోచలేదు, నాకూ తోచలేదు. నాకు ముందే తెలుసు గనక నేనా మెసేజి చూడనేలేదు. అచ్చాయమ్మకి ఫోను చేసి చెబుదామనుకుంటూ, ఏమని చెప్పాలో తెలీక, రేపు రేపు అనుకుంటూ ఉండిపోయేను. శుక్రవారం వచ్చేసింది.

ఆ శుక్రవారం నేను మా వాళ్ళింట్లో దోసెలు పోస్తున్నాను. మూడు దాటింది. ఫోను. అచ్చాయమ్మ. ఎగురుతున్నట్టుంది గొంతు. “అక్కా! సదివేనక్కా! నేనే సదివేను, ఎవరూ సెప్పలేదు! తలుపుకి కాయితముంది. గంట సేపు నిలబడ్డాను. ‘ఆ’ తెలిసింది, ‘ద’కి గుడి, ‘వ’కి దీర్గం, ‘ర’కి సున్నా. ఆ-ది-వా-రం! ఆదివారం అని ఉందక్కా!” అట్టు మాడిపోయింది. నేను “అలాగా, అలాగా” అంటున్నాను. అది నవ్వుతుంది. “మొదటిసారే, మొత్తం ఒక మాట” అంది. తరవాత కింద వీధిలో కార్ల చప్పుడు వినపడింది. “మరి... ఆదివారం అంటే... నాకు కుదరదు గదక్కా” అంది.

ఇక్కడే చదవడం నేర్చుకున్నారని బోర్డు మీద ఉందే, అది అబద్ధం కాదండి. నిజమే. ఆ తలుపు బయట నేర్చుకుంది.

తరవాత కూడా అది శుక్రవారాలు రావడం మానలేదు. ఇంకెక్కడికి పోతుంది? ముసలావిడ రో మద్రసా అని పంపుతుంది, తరగతి లేదంటే ఆ వెళ్ళడం కూడా పోతుందని దాని భయం. వచ్చి, ఈ తాళం వేసిన తలుపు ముందు, మెట్ల మీద కూచునేది. కింద దర్జీ నూర్ మొహమ్మద్ భాయి చూసి స్టూలు ఇచ్చేడట. “బెహన్జీ, ఠండా హై పత్థర్, ఇస్ పే బైఠో” అని, రాయి చల్లగా ఉంది, దీనిమీద కూచోమని. ఆ స్టూలు ఇప్పటికీ అక్కడే ఉంది, మీరొచ్చేటప్పుడు కాలికి తగిలిందన్నారే, అదే. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పాత తలుపు కాగితంలో అక్షరాలే మళ్ళీ మళ్ళీ రాసుకునేది. ఆ కాగితం చినిగిపోయేదాకా దానికదే పంతులు.

నన్ను అడిగింది. “అక్కా, నువ్వు ఆదివారాలు ఎల్తావుగా, ఓ మాట అడుగు” అని. అడుగుతానన్నాను. ప్రతి ఆదివారం మెట్లెక్కుతూ అనుకునేదాన్ని, ఇవాళ అడిగెయ్యాలి. సుభద్రమ్మగారు నన్ను చూడగానే నవ్వు మొహంతో, “మంగా, నువ్వు మంచిమాట చెప్పేవు, ఆదివారం పెట్టేక ఎంత బాగుందో కదా! అచ్చాయమ్మే మానేసింది పాపం, ఆసక్తి తగ్గిందేమో” అనేవారు. “ఆయ్, బాగుందండి.” ఇదీ నేను అన్నది. ఆసక్తి తగ్గిందేమో అంటే కూడా ఊరుకున్నాను. ఎలా చెప్పను? చెబితే, మరి ఆవేళ అందరికీ బాగుంటుందని ఎందుకన్నావు అంటారు కదా. అలా ఒక ఆదివారం, ఇంకో ఆదివారం. ఏడాది దాటింది. నాకు ఒత్తులు వచ్చేసేయి, గుణింతాలు వచ్చేసేయి, మా మనవరాలికి ఉత్తరం రాస్తే అది ఫొటో తీసి ఊరంతా చూపించింది. అచ్చాయమ్మ ఆ తలుపు కాగితం దగ్గరే ఉంది.

పోయింది మీకు తెలుసు. రంజాను ఇంకో నెలుందనగా. పొద్దున్నే లేవలేదు, ముసలావిడ తట్టి లేపితే లేవలేదు. గుండె అన్నారు. ఆ ముసలావిడ పిల్లలాగ ఏడ్చిందట. మీ ఫౌండేషనే కాగితాలన్నీ చేయించి ఇంటికి చేర్చింది, విమానం దిగేక ఊరిదాకా బండి కూడా పెట్టించేరు, ఒక్క రోజు ఆలస్యం అవలేదు. ఆ పని మీవాళ్ళు చేసినట్టు ఎవరూ చెయ్యరండి, చేతులెత్తి దణ్ణం పెడతాను. సుభద్రమ్మగారు విమానాశ్రయం దాకా వెళ్ళేరు. ఆ పాత కాగితం, చేప ఉన్నది, పెట్లో పెట్టి పంపేరట. ఇప్పుడు పేరు పెడదామన్నదీ ఆవిడేనా? అనుకున్నాను. ఆవిడకిప్పటికీ తెలీదు. నేను చెప్పలేదు.

ఇదిగో చూడండి. ఈ ఎర్ర పుస్తకం. స్టూలు దగ్గర మిగిలిపోతే నూర్ మొహమ్మద్ భాయి దాచి నాకిచ్చేడు. మొదటి పేజీ. జాగ్రత్త, అంచు చినిగింది. ‘కాలవ’ చూసేరా, ఎంత పెద్దగా రాసిందో. ‘నీ’ అని రాసి, పక్కన ఒక చుక్క, మళ్ళీ ‘కి’. అది ‘నీళ్ళకీ’ అండి. దానికి ళకి ళవత్తు రాదు. రాని అక్షరం ఉన్నచోటల్లా ముగ్గుకి పెట్టినట్టు చుక్క పెట్టింది, తరవాత నేర్చుకుని నింపుకుందామని. రెండో వరసలో ఐదు చుక్కలు. మూడో వరస చూడండి. చుక్క, చుక్క, చుక్క, ‘ర’, చుక్క, ‘ది’, మళ్ళీ చుక్కలే. ఎన్ని రోజులు కూచున్నానో దీనిముందు. నాకిప్పుడు అన్ని అక్షరాలూ వచ్చు. అక్కడ ఏది పెట్టాలో తెలీదు. ఊరికి ఫోను చేసి అడిగించేను, ఏటికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా. ఎవరికీ రాదు.

ఆ... కళ్ళు తుడుచుకోండి. మిమ్మల్ని ఏడిపించాలని కాదు. పుస్తకం ఇలా ఇవ్వండి, తడుస్తుంది.

ఇన్నాళ్ళు ఊరుకుని ఇవాళెందుకు చెబుతున్నావంటారా? నిన్న శుక్రవారం కదండీ. మా వాళ్ళ చీర ఫాల్ కుట్టించడానికి నూర్ మొహమ్మద్ భాయి దగ్గరకొచ్చేను. మెట్ల మీద, అదే స్టూలు మీద, ఒకమ్మాయి కూచునుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మన వైపు పిల్లే, సత్యకుమారట, జుమైరాలో ఎవరింట్లోనో పని. “ఇక్కడ చదువు చెబుతారంట కదా పెద్దమ్మా, తలుపెప్పుడు తీస్తారు?” అంది. ఆదివారమమ్మా అన్నాను. “నాకు సుక్రోరమే సెలవు పెద్దమ్మా” అంది. మళ్ళీ కొంచెం సర్దుకుని, “పర్లేదులెండి, కాసేపు కూచుని ఎల్తాను” అంది. అమ్మాయిగారూ, చీర సంగతే మర్చిపోయి ఇంటికెళ్ళిపోయేను. ఆ పిల్ల నెత్తిమీదుగా రేపు మీరు ఆ బోర్డు బిగిస్తారు. బంగారు అక్షరాలు. శుక్రవారం తాళం.

చివరగా ఏమందని కదా మీరు అడిగేరు. పోయే ముందు శుక్రవారమండి, అప్పుడూ నేను ఏదో పనిమీద ఇటొచ్చి దాన్ని మెట్ల మీద చూసేను. పక్కన కూచున్నాను. మల్లెపూలు కొనుక్కుంది మీనా బజార్లో, సగం తుంచి నాకు ఇచ్చింది. పాట పాడమన్నాను, మూడో వరస మళ్ళీ నేర్చుకుందామని. “ఇప్పుడు కాదక్కా, రాసేక ఇస్తాను, సదువుకో” అంది, టెక్కుగా. అప్పుడు చెప్పెయ్యాలనిపించింది, అచ్చాయమ్మా, ఆదివారం బాగుంటుందన్నది నేనే అని. నోరు తెరిచేను. ఇంతలో నా ఫోను మోగింది, మా వాళ్ళు, ఎక్కడున్నావని. లేచేను. నాలుగు మెట్లు దిగేను. వెనకనుంచి పిలిచింది. తిరిగి చూసేను. తలుపుకి వీపు ఆనించుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఉంది.

“అక్కా, సుక్రోరం ఒక్క గంట తలుపు తీస్తారేమో కాస్త అడుగు. నేనడిగేనని మాత్రం సెప్పకేం, సుబద్రమ్మగారు నొచ్చుకుంటారు.”